లాటిన్‌లో సైన్యం మాటలు గుర్తుండాలంటే

రోమన్ సైన్యం మాటలు లాటిన్‌లో నేర్చుకునేవాళ్లు ఏకవచనం, బహువచనం పక్కపక్కన రాసుకోండి, సగం తికమక అక్కడే పోతుంది. కోపియా అంటే సమృద్ధి, కోపియై అంటే మాత్రం సేనలు. ఔక్సిలియుమ్ సాయం, ఔక్సిలియా సహాయక దళాలు. సైన్యం విడిదిని కాస్ట్రా అంటారు, విడిది ఒక్కటే అయినా మాట బహువచనమే, మన పాలు, నీళ్లు లాగా. గ్లాడియుస్ అంటే కత్తి, గ్లాడియోలస్ మొక్క ఆకులు ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు, సన్నగా మొనదేలి కత్తుల్లాగే నిలబడి ఉంటాయి. ఒక్కటి జాగ్రత్త: కెంటురియా అనే సైనిక దళం పేరులో వంద (కెంటుమ్) ఉంది కదా అని వంద మందిని లెక్కేయకండి (నేను పరీక్షలో అలాగే రాసి మార్కు పోగొట్టుకున్నా), సామ్రాజ్య కాలంలో అందులో ఉండేది దాదాపు 80 మందే, గుడారానికి 8 మంది చొప్పున 10 గుడారాలు.