క్లయింటు వీడియో ఇవ్వడం లేదా? తేడా ఎక్కడుందో చూడండి

సమస్య: మీ దగ్గర ప్లాటు కొని ఫోన్లో తెగ మెచ్చుకున్న క్లయింటు, ఆ మాటే ప్రచార వీడియోలో చెప్పమనగానే ‘తర్వాత చూద్దాం లెండి’ అంటారు.

కారణం: సిగ్గు అనుకుంటాం గానీ, అసలు బెంగ డబ్బు సంగతి బయటపడుతుందని. శ్రీకాకుళంలో ఆర్మీలో చేరో, వలస వెళ్లో రూపాయి రూపాయి కూడబెట్టి స్థలం కొన్నవాళ్లు చాలామంది. వీడియో చూసి చుట్టాలు అప్పుకొస్తారు, దిష్టి పెడతారు అని వాళ్ల భయం. అది తప్పేమీ కాదు.

పరిష్కారం: ధర, గజాలు, ప్లాటు నంబరు అడగనని ముందే చెప్పండి. ముఖం వద్దంటే గొంతు చాలు. వీడియో ఎక్కడ పెడతారో చెప్పి, వాట్సాప్‌లో ఒప్పుకోలు తీసుకోండి. తీసేయమంటే మారుమాట లేకుండా తీసేయాలి. రిజిస్ట్రేషన్ రోజు మాత్రం అడగొద్దు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర సాక్షులు, వేలిముద్రలు, ఆ టెన్షనే వేరు. దస్తావేజు చేతికొచ్చాకో, గృహప్రవేశం హడావిడి తగ్గాకో అడిగితే వాళ్లే మాట్లాడతారు.

సమస్య: కెమెరా ముందు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతున్నారు.

కారణం: మీరు రాసిచ్చిన కాగితం.

పరిష్కారం: దాన్ని చింపేయండి. ‘మా సర్వీసు ఎలా ఉంది?’ అంటే ‘బాగుందండి’ అని ఊరుకుంటారు. ‘కొనేముందు దేనికి భయపడ్డారు?’ అని అడగండి. లేఅవుట్‌కి అప్రూవల్ ఉందో లేదోనని బావమరిది అనుమానపడటం, ఈసీ (స్థలం మీది పాత లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించి చూసుకోవడం, అన్నీ వరసగా వస్తాయి. చూసేవాళ్ల అనుమానాలూ అవే కదా. వాళ్ల యాసను మాత్రం దిద్దకండి.

సమస్య: గాలి హోరులో మాట వినపడటం లేదు.

పరిష్కారం: తీరం వైపు వెంచర్లలో ఇది మామూలే. ఫోము తొడిగిన కాలరు మైకు పెట్టండి, లేదంటే అద్దాలు ఎత్తేసిన కారులో కూర్చోబెట్టి తీయండి.

సమస్య: ‘భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తే రేటు డబులే’ అని క్లయింటు ఉత్సాహంగా అనేశారు.

కారణం: సైటు చూపించిన రోజు ఆ మాట చెవిలో వేసింది ఎవరో మీకు తెలుసు!

పరిష్కారం: ఆ ముక్క కత్తిరించండి. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ప్రాజెక్టు ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలి. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోయినవారికి ప్రమోటరు (వెంచరు వేసినవారు) పరిహారం చెల్లించాలి. ఆ మాట క్లయింటు నోటి నుంచి వచ్చినా, ప్రకటనగా పెట్టింది మీరే.