జీపీఏ బాగుంది, శాట్ స్కోరే తగ్గింది: అమెరికా కాలేజీలకు ఎలా అప్లై చేయాలి?

మా అన్నయ్య కూతురు డాలస్‌లో చదువుతోంది. జీపీఏ, అంటే స్కూలు గ్రేడ్ల సగటు, 3.9. కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే శాట్ పరీక్షలో 1600కి 1180. స్కోరు చూసిన రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. "మూడేళ్లు చదివిందంతా ఒక్క పొద్దుటి పరీక్షతో పోయినట్టేనా బాబాయ్?" అంది. పోదు. కాకపోతే స్కోరు పంపాలా వద్దా అన్నది ఏ కాలేజీకి ఆ కాలేజీగా తేల్చుకోవాలి.

ముందు కాలేజీల జాబితాను మూడుగా విడదీయండి. స్కోరు అస్సలు చూడనివి: కాలిఫోర్నియాలోని యూసీలు, కాల్ స్టేట్‌లు (రెండూ అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలే). పంపితే పంపు, లేకపోతే లేదు అనేవి: దేశంలో ఎక్కువ కాలేజీలు ఇవే. తప్పనిసరిగా అడిగేవి: ఎంఐటీ, జార్జియా టెక్, టెక్సాస్‌లోని యూటీ ఆస్టిన్. ఈ రూల్స్ ఏటా మారుతున్నాయి కాబట్టి కాలేజీ సొంత అడ్మిషన్స్ పేజీలోనే చూడండి, వాట్సాప్ గ్రూపులో కాదు.

అసలు పని రెండో రకం కాలేజీలతోనే. కాలేజీ పేరు పక్కన 'కామన్ డేటా సెట్' అని కొట్టి వెతకండి. కాలేజీ తన అడ్మిషన్ల లెక్కలు బయటపెట్టే పత్రం అది. అందులో సీ9 అనే చోట, చేరినవాళ్లలో స్కోరు పంపినవాళ్లు ఎంత శాతమో, వాళ్లలో మధ్య సగం మంది స్కోర్లు ఏ అంకె నుంచి ఏ అంకె దాకా ఉన్నాయో ఉంటుంది. కింది అంకె 1250 అయితే మన 1180 పంపకూడదు. 1100 అయితే ధైర్యంగా పంపొచ్చు. సగం మంది కూడా పంపలేదంటే స్కోరు లేదని బెంగ అక్కర్లేదు. మెరిట్ స్కాలర్‌షిప్‌కి స్కోరు కావాలేమో మాత్రం విడిగా చూసుకోండి.

టైముంటే ఇంకోసారి రాయండి. చాలా కాలేజీలు సూపర్‌స్కోర్ చేస్తాయి, అంటే వేర్వేరు తేదీల్లో వచ్చిన మంచి సెక్షన్ మార్కులను కలుపుతాయి. మా అమ్మాయికి ఇంగ్లిష్ 620, లెక్కలు 560. అందుకే వేసవంతా లెక్కలే చేసింది, ఖాన్ అకాడమీలో, ఫ్రీగా.

స్కోరు పంపనిచోట భారమంతా ట్రాన్‌స్క్రిప్ట్ మీదే, అంటే స్కూలు ఇచ్చే గ్రేడ్ల పత్రం మీదే పడుతుంది. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే కాలేజీ స్థాయి కోర్సులు తీసుకుని తెచ్చుకున్న 'ఎ' గ్రేడ్‌కి విలువ ఎక్కువ. ఏపీ పరీక్షల్లో ఐదుకి 4, 5 వచ్చి ఉంటే అవి తప్పకుండా చూపించండి. సిఫారసు లెటర్ కోసం పదకొండో తరగతిలో పాఠం చెప్పిన టీచర్‌ని వేసవి సెలవుల ముందే అడగండి. అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో మాత్రం "నాకు పరీక్షలంటే టెన్షన్" అని రాయొద్దు. దాచిన స్కోరును మనమే బయటపెట్టుకున్నట్టు అవుతుంది.

టెక్సాస్ పబ్లిక్ స్కూల్ పిల్లలైతే క్లాస్ ర్యాంకు కనుక్కోండి. 1997 నాటి చట్టం ప్రకారం, మిగతా షరతులు కూడా తీరితే, టాప్ 10 శాతంలో ఉన్నవాళ్లకి అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. యూటీ ఆస్టిన్ కటాఫ్ గీత ఇంకా పైనుంటుంది. కోరిన మేజర్ (ప్రధాన సబ్జెక్టు) దొరుకుతుందన్న హామీ లేదు. మనవాళ్లంతా ఎగబడేది కంప్యూటర్ సైన్స్‌కే కదా!

సబ్మిట్ కొట్టేముందు ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకుని ఆఖరి లైను దాకా చదవండి. కొన్ని స్కూళ్లు శాట్ స్కోరు కూడా అందులో అచ్చేస్తాయి. మా అమ్మాయిది చూస్తే అడుగున చిన్న అక్షరాల్లో 1180 అని ఉంది. కౌన్సెలర్‌కి మెయిల్ పెడితే రెండు రోజుల్లో తీసేసి కొత్తది ఇచ్చారు.