ఇంగ్లీషు అంకెలు అర్థమవుతున్నా లెక్క తప్పుతోందా?

ఆఫీసు కాల్స్‌లో, ఇంగ్లీషు వార్తల్లో, లోను కాగితాల్లో చాలామందికి ఒకే రకం ఇబ్బంది వస్తుంది. అంకె సరిగ్గానే వినపడుతుంది, లెక్క మాత్రం తేడా కొడుతుంది. లెక్కలు రాక కాదు. ఇంగ్లీషులో ఇన్, టు, బై, ఆఫ్ లాంటి పొట్టి మాటలే నిష్పత్తిని నిర్ణయిస్తాయి. మన చెవి అంకెను పట్టుకుని ఆ మాటను వదిలేస్తుంది. ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఇవీ.

‘వన్ ఇన్ ఫైవ్’, ‘వన్ టు ఫైవ్’ ఒకటే అనిపిస్తున్నాయి

మనం ముందు మొత్తం చెప్పి, తర్వాత భాగం చెబుతాం: ఐదుగురిలో ఒకరు, నూటికి ముప్పై, పదింట ఆరు. ఇంగ్లీషులో భాగం ముందు వస్తుంది, మొత్తం తర్వాత. ‘వన్ ఇన్ ఫైవ్ చిల్డ్రన్’ అంటే ప్రతి ఐదుగురు పిల్లల్లో ఒకరు, అంటే 20 శాతం. ‘వన్ అవుటాఫ్ ఫైవ్’ అన్నా అదే. మధ్యలో ‘టు’ వస్తే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ మొత్తం ఎంతో చెప్పరు, ఒక భాగం పక్కన ఇంకో భాగాన్ని పెడతారు.

ఇల్లు కట్టించిన వాళ్లకు ఇది బాగా తెలుసు. మేస్త్రీ ఒకటికి ఆరు మాలు కలపమంటే ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్లు ఇసుక. మొత్తం ఏడు పాళ్లు, అందులో సిమెంటు ఏడో వంతు. దీన్నే ఇంగ్లీషులో ‘వన్ టు సిక్స్’ అంటారు. ‘వన్ పార్ట్ ఇన్ సిక్స్’ అన్నారంటే మొత్తమే ఆరు పాళ్లు, ఇసుక ఐదే. పందేల భాషలో ‘ఫోర్ టు వన్ అగైనెస్ట్’ అన్నదీ ఈ కోవలోదే. ఓడే వైపు నాలుగు, గెలిచే వైపు ఒకటి. అంటే గెలిచే అవకాశం ఐదింట ఒకటి, నాలుగింట ఒకటి కాదు.

కాబట్టి ‘ఇన్’ గానీ ‘అవుటాఫ్’ గానీ వినపడితే రెండో అంకే మొత్తం. ‘టు’ వినపడితే రెండూ కూడితేనే మొత్తం. ల్యాబుల్లో మాత్రం ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మకండి. చాలా బయాలజీ ల్యాబుల్లో ‘వన్ టు టెన్ డైల్యూషన్’ అంటే శాంపిల్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు, మొత్తం పది. మందులు, రసాయనాలు కలిపే చోట ‘వాట్ ఈజ్ ద టోటల్ వాల్యూమ్?’ అని అడిగాకే చెయ్యి పెట్టండి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

వడ్డీ రెండున్నర పెరిగిందంటారు, ఇంకొకరు అరవై రెండున్నర శాతం అంటారు

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటును, 4 శాతం నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. పెరుగుదల 2.5 ‘పర్సెంటేజ్ పాయింట్స్’. అదే పెరుగుదలను పాత రేటుతో పోల్చి చెబితే 62.5 ‘పర్సెంట్’. బ్యాంకువాళ్లు దీన్నే 250 ‘బేసిస్ పాయింట్స్’ అంటారు. వంద బేసిస్ పాయింట్లు ఒక పర్సెంటేజ్ పాయింట్. రేటు ఎంత మారిందో చెప్పేటప్పుడు ‘పాయింట్’ అన్న మాట ఉందో లేదో చూడండి. ఎటూ తేలకపోతే పాత రేటు, కొత్త రేటు రెండూ పక్కపక్కన రాసుకుంటే అయోమయం ఉండదు.

వడ్డీ దగ్గర మనకు ఇంకో చిక్కు ఉంది. మన ఊళ్లలో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. దాన్ని ‘టూ పర్సెంట్ ఇంట్రెస్ట్’ అని బయటివాళ్లకు చెబితే, వాళ్లు ఏడాదికి రెండు శాతమే అనుకుంటారు. నిజానికి అది ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయల అప్పు మీద వాళ్లు 2,000 అనుకునేది మనకు 24,000. ఇంగ్లీషులో వడ్డీ చెప్పేటప్పుడు ‘ఎ మంత్’ అనో ‘ఎ ఇయర్’ అనో తప్పకుండా చేర్చండి.

‘ఎయిటీ పర్సెంట్ ఆఫ్’ అంటే ధరా, తగ్గింపా?

తెలుగు లిపిలో రెండు ‘ఆఫ్’లూ (of, off) ఒక్కలాగే రాస్తాం, ఒక్కలాగే పలుకుతాం. ఇంగ్లీషువాళ్లు భాగాన్ని చెప్పేదాన్ని పొట్టిగా ‘అవ్’ అంటారు, తగ్గింపును చెప్పేదాన్ని చివర గాలి వచ్చేలా గట్టిగా ‘ఆఫ్’ అంటారు. వెయ్యి రూపాయల వస్తువుకు మొదటి లెక్కన 800 కట్టాలి, రెండో లెక్కన 200. మీరు చెప్పేటప్పుడు ‘ఎయిటీ పర్సెంట్ డిస్కౌంట్’ అనండి, లేదా కట్టాల్సిన రూపాయలే చెప్పేయండి. ‘బై’, ‘టు’ల సంగతీ ఇంతే. జీతం ‘ఇంక్రీజ్డ్ బై ఫార్టీ థౌజండ్’ అంటే నలభై వేలు పెరిగింది, ‘ఇంక్రీజ్డ్ టు’ అంటే నలభై వేలు అయింది.

‘త్రీ టైమ్స్ మోర్’ అంటే మూడు రెట్లా, నాలుగు రెట్లా?

పట్టి లెక్కేస్తే ఉన్నదానికి మూడు రెట్లు చేరినట్టు, అంటే నాలుగు రెట్లు. వాడుకలో చాలామంది ఉద్దేశం మూడు రెట్లే. మన ‘మూడు రెట్లు ఎక్కువ’లోనూ ఇదే తికమక ఉంది. చదివేటప్పుడు అసలు అంకెలు ఎక్కడున్నాయో వెతకండి. రాసేటప్పుడు ‘త్రీ టైమ్స్ యాజ్ మెనీ’ అని రాయండి, దానికి ఒకటే అర్థం. ‘హాఫ్ యాజ్ మచ్ అగైన్’ విని సగమే అనుకోకండి, అది ఒకటిన్నర రెట్లు.

పెద్ద అంకెలు, ఫోన్లో అంకెలు

మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. ఈ మూడూ కంఠతా పట్టండి, వేరే దారి లేదు. బ్రిటన్‌లో 1974 దాకా ప్రభుత్వ లెక్కల్లో బిలియన్ అంటే లక్ష కోట్లే. అప్పటి బ్రిటిష్ పుస్తకాలు చదివేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అమెరికాలో ‘ట్వెల్వ్ హండ్రెడ్’ అంటే తడబడతాం, మనమూ పన్నెండు వందలు అనేవాళ్లమే అయినా. బడిలో ‘వన్ థౌజండ్ టూ హండ్రెడ్’ అని నేర్చుకోవడం వల్ల వచ్చిన తడబాటు ఇది. ‘త్రీ ఫిఫ్టీ’ లాంటివి సందర్భాన్ని బట్టే తెలుస్తాయి. కాఫీ కొట్లో అది మూడున్నర డాలర్లు, ఇల్లు అమ్మేవాళ్ల నోట మూడున్నర లక్షల డాలర్లు.

ఫోన్లో ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ తేడా తెలియకపోతే ‘వన్ ఫైవ్, ఆర్ ఫైవ్ జీరో?’ అని అడిగేయండి. మీ నంబరు చెప్పేటప్పుడు అమెరికన్లతో ‘డబుల్ ఫోర్’ అనకుండా ‘ఫోర్ ఫోర్’ అనండి. ‘డబుల్’ వాళ్లకు అంతగా అలవాటు లేదు.

టైమూ, జీతం తేదీలూ కుదరడం లేదు

బ్రిటన్‌లో ‘హాఫ్ సిక్స్’ అంటే ఆరున్నర, ఐదున్నర కాదు. కొందరు అమెరికన్లు ‘క్వార్టర్ ఆఫ్ సిక్స్’ అంటారు, అది పావు తక్కువ ఆరు. ‘ఎవ్రీ అదర్ డే’ రోజు విడిచి రోజు.

అసలు టెన్షన్ పెట్టేది ‘బైవీక్లీ’. వారానికి రెండుసార్లు అనీ, రెండు వారాలకోసారి అనీ రెండర్థాలూ నిఘంటువుల్లోనే ఉన్నాయి. మీటింగుల విషయంలో ఆ మాట వాడకుండా ‘ట్వైస్ ఎ వీక్’ అనో ‘ఎవ్రీ టూ వీక్స్’ అనో చెప్పండి. అమెరికా జీతాల్లో మాత్రం అది రెండు వారాలకోసారి, అంటే మామూలుగా ఏడాదికి 26 చెక్కులు. ‘సెమీ మంత్లీ’ అయితే నెలకు రెండు, ఏడాదికి 24. ఏడాది జీతం 78,000 డాలర్లయితే పన్నులు పోకముందు ఒక చెక్కు మొదటి పద్ధతిలో 3,000, రెండో పద్ధతిలో 3,250. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు అద్దె, కారు వాయిదా లెక్కలు వేసుకునే ముందే, ఏడాదికి ఎన్ని చెక్కులు వస్తాయని హెచ్‌ఆర్‌ను అడిగి తెలుసుకోవాలి.