ఏటవాలు జీడి తోటలో వాన నీటిని ఆపుకోవడం

శ్రీకాకుళం జిల్లా మందస వైపు కొండ దిగువన మాకు రెండెకరాల జీడి తోట ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నాన్న నాటిన చెట్లను వేళ్లతో సహా పెకలించేసింది. ఆ తర్వాత అంటు మొక్కలు వేశాం. గులకరాళ్లు కలిసిన ఎర్రనేల. ఎంత వాన పడినా కాసేపటికే నీళ్లన్నీ గెడ్డ (వాగు)లోకి జారిపోతాయి, పైమట్టిని కూడా పట్టుకుపోతాయి. మాకు బోరు లేదు.

మొదటి ఏడాది కొబ్బరికి చేసినట్టే మొదలు చుట్టూ గుండ్రంగా పాదులు చేశాను. ఆగస్టు ముసురుకి నీళ్లు మొదట్లోనే నిలిచి, ఆకులు పసుపెక్కి నాలుగు మొక్కలు చచ్చిపోయాయి. జీడి ఎండకు ఓర్చుకుంటుంది కానీ నిలవ నీటికి ఓర్చుకోదు.

ఇప్పుడు పాదు బదులు అర్ధచంద్రం గట్టు వేస్తున్నాను. మొదలుకు రెండు మీటర్ల దూరంలో, పల్లం వైపు మాత్రమే. ఎత్తు అడుగున్నర. రెండు కొనలూ మిట్ట వైపు వంగి, ఒకే మట్టంలో ఉండాలి. కంటితో చూసి సరే అనుకుంటే మోసపోతాం. తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపులో నీళ్లు పోసి చూసుకోండి, పది నిమిషాల పని. ఎక్కువైన నీళ్లు పోవడానికి ఒక పక్క జానెడు వెడల్పు దారి వదిలి, అక్కడ రాళ్లు పేర్చండి. లేదంటే పెద్ద వానకు గట్టే తెగిపోతుంది.

గట్టుకు మట్టి ఎక్కడిదంటారా? చెట్టుకు మిట్ట వైపు, కొమ్మల అంచు దాటాక, వాలుకు అడ్డంగా ఐదడుగుల కందకం తవ్వండి. అడుగు వెడల్పు, అడుగున్నర లోతు చాలు. ఆ మట్టి గట్టుకు పనికొస్తుంది. ఈ పని మే నెలాఖరులో, తొలకరి జల్లుకు నేల కాస్త మెత్తబడ్డాక చేయాలి. నేను ఒకసారి ఆగస్టులో తవ్వి, పలుగుతో వేళ్లు తెంపుకున్నాను.

ఇక ఆకుల సంగతి. జీడి పిక్కలు ఏరడానికి అడ్డమని మా ఊళ్లో చాలామంది రాలిన ఆకులు ఊడ్చి కాలుస్తారు. నేనూ ఊడుస్తాను, లేకపోతే పిక్క కనబడదు. కానీ అగ్గిపెట్టె తీయను, అన్నీ కందకంలోకి తోస్తాను. రెండు వానలు పడితే కుళ్లి నల్లబడతాయి. పోయిన సెప్టెంబరులో ఎరువు వేస్తూ ఒక కందకం కెలికితే పిడికెడు మట్టిలో ఏడెనిమిది వానపాములు కనబడ్డాయి. పక్క చేను బావ ‘పాములకు ఇల్లు కడుతున్నావు’ అన్నాడు. నిజమే, ఆకుల్లో చేయి పెట్టే ముందు కర్రతో కదపండి.

ఎరువు కూడా తేమ ఉన్నప్పుడే. ఐదేళ్లు దాటిన చెట్టుకు ఏడాదికి యూరియా కేజీ పైచిలుకు, సూపర్ ఫాస్ఫేట్ 800 గ్రాములు, పొటాష్ 200 గ్రాములు. సగం జూన్‌లో, సగం సెప్టెంబరులో, మొదలుకు ఐదడుగుల దూరంలో జానెడు లోతు గాడి తీసి వేసి, మట్టి కప్పేస్తాను.

నీటి వసతి ఉన్నవాళ్లు జనవరి నుంచి మార్చి దాకా 15 రోజులకోసారి చెట్టుకు 200 లీటర్లు, అంటే ఒక డ్రమ్ము, ఇస్తే పిందె నిలుస్తుంది. మాలాంటివాళ్లం చిన్న మొక్కలకే ఇవ్వగలం. అడుగున చిల్లు పెట్టి గుడ్డ వత్తి దూర్చిన కుండను మొక్క పక్కన మెడ దాకా పాతుతాను. నింపాక రెండు రోజులు మెల్లగా ఊరుతుంది. కుండ మీద మూత మాత్రం మరవకండి, మా మేకలు మొదటి రోజే మూతి పెట్టేశాయి.