కాలిఫోర్నియాలో ఇళ్ల ప్రాజెక్టుపై రెఫరెండం సంతకాలు సేకరించే విధానం

కాలిఫోర్నియాలో సిటీ కౌన్సిల్ ఇళ్ల నిర్మాణం కోసం ఒక స్థలం జోనింగ్‌ను (ఆ స్థలాన్ని దేనికి వాడవచ్చో చెప్పే నిబంధనను) మారుస్తూ ఆర్డినెన్స్ (నగర స్థాయి చట్టం) ఆమోదిస్తే, దానిని రెఫరెండం ద్వారా, అంటే ఉంచాలా వద్దా అన్న ఓటింగు కోసం, ఓటర్ల ముందుకు తీసుకువెళ్లదలచినవారు సాధారణంగా 30 రోజుల్లో నగరంలోని నమోదిత ఓటర్లలో 10 శాతం మంది సంతకాలను సిటీ క్లర్క్‌కు అందజేయాలి.

ముందుగా నిర్ణయం ఏ రకానిదో తేల్చుకోవాలి. జోనింగ్, జనరల్ ప్లాన్ (నగర దీర్ఘకాలిక అభివృద్ధి ప్రణాళిక) సవరణల వంటి శాసన నిర్ణయాలకే రెఫరెండం వర్తిస్తుంది. ఒక భవనానికిచ్చే యూజ్ పర్మిట్‌కు (వినియోగ అనుమతికి) వర్తించదు. కూపర్టినోలో వాల్కో మాల్ స్థలానికి 2018లో ఆమోదించిన ప్రణాళికపై నివాసులు సంతకాలు సేకరించగా, 2019లో కౌన్సిల్ దానిని రద్దు చేసింది. అయితే నిబంధనలకు సరిపోయే ఇళ్ల ప్రాజెక్టులకు త్వరగా అనుమతి దక్కేలా చేసే రాష్ట్ర చట్టం ఎస్‌బీ 35 కింద విడిగా అనుమతి పొందిన 2,402 ఇళ్ల ప్రతిపాదన మాత్రం రద్దు కాలేదు.

పిటిషన్‌లోని ప్రతి విభాగానికీ (సంతకాల కోసం విడివిడిగా తిప్పే ప్రతి కాగితాల కట్టకూ) ఆర్డినెన్స్ పూర్తి పాఠాన్ని జతచేయాలి. కట్ట బరువవుతోందని అనుబంధాలను తీసేస్తే, ఎన్ని సంతకాలున్నా పిటిషన్ మొత్తం తిరస్కరణకు గురికావచ్చు.

సంతకం చేసేవారు తమ పేరును, నివాస చిరునామాను స్వయంగా రాయాలి. ఇంటిల్లిపాది తరఫున ఒక్కరే సంతకాలు పెట్టేయడం మనవాళ్లలో కొందరికి అలవాటే గానీ, ఇక్కడ అది చెల్లదు. గ్రీన్ కార్డుదారులు సంతకం చేయలేరు. అయితే 18 ఏళ్లు నిండి ఉంటే వారు ఇతరుల సంతకాలను సేకరించగలరు. సేకరించేవారు ఎవరైనా తాము సేకరించిన విభాగం చివర ధ్రువీకరణ ప్రకటనపై సంతకం చేయాలి.

ఇల్లు మారినా ఓటరు నమోదు మార్చుకోనివారి సంతకాలు పరిశీలనలో పోతాయి కనుక, అవసరానికి మించి గణనీయంగా సేకరించడం మేలు. సంఖ్య సరిపోయినట్లు తేలితే, కౌన్సిల్ ఆర్డినెన్స్‌ను పూర్తిగా రద్దు చేయాలి, లేదా ఓటింగుకు పెట్టాలి.