ఫార్మాట్‌కి ఇచ్చే ముందు

"సీ డ్రైవ్‌లో ఏమైనా ఉన్నాయా సార్?" అని అడుగుతాడు, కంప్యూటర్‌ని ఫార్మాట్‌కి ఇచ్చినప్పుడు షాపు కుర్రాడు. ఫార్మాట్ అంటే విండోస్ ఉండే సీ డ్రైవ్‌ని చెరిపేసి, విండోస్‌ని మళ్లీ ఎక్కించడం. "ఏం లేవు బాబూ, అన్నీ డీలోనే" అంటాం. నేనూ ఒకసారి అలాగే అన్నాను. సాయంత్రానికి కంప్యూటర్ కొత్త విండోస్‌తో తళతళలాడుతూ వచ్చింది, నాన్న షష్టిపూర్తి ఫొటోలు మాత్రం రాలేదు. అవి డెస్క్‌టాప్ మీద ఉండేవి. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవేనని ఆ రోజు తెలిసింది. కుర్రాడి తప్పేం లేదు, అడిగే చేశాడు.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి చాలా ఇళ్లలో కొత్త విండోస్ వేయించే పని ఉండే ఉంటుంది. పాతరకం హార్డ్ డిస్క్‌లో పోయినవి ఒక్కోసారి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో దొరుకుతాయి. ఎస్‌ఎస్‌డీలో, అంటే తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్క్‌లో, ఆ ఆశ పెట్టుకోకండి.

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ నాలుగూ సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఏరుకుంటూ కూర్చోకుండా ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. ఫోల్డర్ తెరిచి పైన వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్‌కి టిక్ పెడితే యాప్‌డేటా అని ఇంకోటి బయటపడుతుంది. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్ల మెయిల్స్ అందులోనే దాక్కుంటాయి. అవుట్‌లుక్ వాళ్లు పేరు చివర పీఎస్‌టీ అని ఉన్న ఫైలు కోసం వెతకాలి, మెయిల్స్ ఉండేది అందులోనే. పాప్ (POP) పద్ధతిలో మెయిల్‌ని సొంత కంప్యూటర్‌లోకి దించుకునేవాళ్లకు సర్వర్‌లో ఏమీ మిగలకపోవచ్చు, ఆ ఫైలే వాళ్ల సర్వస్వం. ఓఎస్‌టీ అని ఉంటే అది సర్వర్‌లో ఉన్నదానికి నకలు, అంత కంగారు అక్కర్లేదు.

జీమెయిల్ నెట్‌లోనే ఉంటుంది, ఫార్మాట్‌తో పోదు. పోయేది పాస్‌వర్డ్. ఇన్నేళ్లూ దాన్ని గుర్తుపెట్టుకున్నది బ్రౌజరే గానీ మీరు కాదు! ఇచ్చేలోపే ఇంకో కంప్యూటర్‌లో ఒకసారి లాగిన్ అయి చూడండి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌తో ఇంకోసారి నిర్ధారణ అడగడం) ఉంటే గూగుల్ పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మెయిల్స్ చేతిలోనూ ఉండాలనుకుంటే మన డేటా మనకిచ్చే గూగుల్ టేకవుట్‌లో అడిగితే, మెయిల్స్ అన్నీ కలిపి ఎంబాక్స్ అనే రకం ఫైలుగా ఇస్తారు. ఆ లింకు వారం రోజులే పనిచేస్తుంది, వచ్చిన రోజే దించుకోవడం మేలు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల నెట్ నిల్వ వన్‌డ్రైవ్‌లో ఉన్నాయిగా అని ధీమా పడేవాళ్లకు ఒక మాట. అది సింక్, అంటే రెండుచోట్లా ఒకేలా ఉంచడం, విడిగా దాచిన బ్యాకప్ కాదు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. ఫైలు పక్కన మేఘం బొమ్మ కనిపిస్తే అది మీ కంప్యూటర్‌లో లేనట్టే, ముందు దించుకుని అప్పుడు కాపీ చేయాలి.

సెట్టింగ్స్‌లో బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసుకోండి. అది లేకపోతే ఫార్మాట్ అయ్యాక డీ డ్రైవ్ కళ్లెదుటే ఉన్నా తెరుచుకోదు.

డీటీపీ చేసేవాళ్లు, అను తెలుగు ఫాంట్లతో పెళ్లి శుభలేఖలూ కవితలూ టైపు చేసుకున్నవాళ్లు ఫైళ్లతో పాటు ఫాంట్లు కూడా దాచుకోవాలి. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షర పద్ధతి) కాని ఆ ఫైలుని ఫాంటు లేకుండా తెరిస్తే తెలుగంతా పిచ్చి ఇంగ్లీషు గుర్తులైపోతుంది. ముఖ్యమైనవి పీడీఎఫ్‌గా కూడా పెట్టుకోండి.

ఇవన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌ని నేను ప్రయాణానికే నమ్ముతాను, దాచుకోవడానికి కాదు. పైగా అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసినదైతే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కనే ఎక్కదు, పెళ్లి వీడియోలు ఆగిపోయేది అక్కడే. కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్ మీద కాపీ చేయండి. అయ్యాక రెండుచోట్లా ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య సరిపోయిందా చూసి, ఇంకో కంప్యూటర్‌లో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. పేరు కనిపించినంత మాత్రాన ఫైలు బాగున్నట్టు కాదు.

తర్వాత డిస్క్‌ని పీకేసి పక్కన పెట్టండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ తగిలించి ఉన్న డిస్క్‌నీ వదలదు. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి.

షాపుకి ఇచ్చేటప్పుడు "డీ ముట్టుకోవద్దు" అని చీటీ రాసి అంటించండి, నోటిమాట చాలదు. కంప్యూటర్ తిరిగొచ్చాక "అన్నీ ఉన్నాయి" అనుకుని ఆ డిస్క్‌ని వెంటనే ఖాళీ చేయకండి. జూలైలో ఇన్‌కంట్యాక్స్ రిటర్ను వేయడానికి కూర్చున్నప్పుడు గానీ నిరుటి ఫారం 16 ఏమైందో గుర్తురాదు.