మొదటి వారాల్లో పాలు పట్టడం: ముందు పట్టు కుదరాలి

"పాలు సరిపోవడం లేదేమో" అనే టెన్షన్ మొదటి వారంలో చాలామందికి వస్తుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి చిక్కటి పసుపు రంగు ముర్రుపాలు, చెంచాల లెక్కలోనే ఉంటాయి, బిడ్డకు అప్పుడు కావలసిందీ అంతే.

అసలు చూసుకోవాల్సింది పట్టు, అంటే బిడ్డ రొమ్మును నోటితో పట్టుకునే తీరు. బిడ్డ పొట్ట మీకు ఆనేలా దగ్గరికి తీసుకుని, ముక్కు చనుమొనకు ఎదురుగా ఉంచి, చనుమొనతో పై పెదవిని తాకించి, ఆవలించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగండి, తెరవగానే బిడ్డను రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి, మీరు వంగకూడదు (వంగితే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది). గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి, చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. తాగుతున్నంతసేపూ నొప్పి పెడుతోందంటే పట్టు కుదరలేదన్నమాట. లాగేయకండి, నోటి మూలలో చిటికెన వేలు పెట్టి విడిపించి మళ్ళీ మొదలుపెట్టండి.

గడియారం పక్కన పెట్టి బిడ్డను చూడండి. చేతులు నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కోవడం ఆకలి గుర్తులు, ఏడుపు ఆఖరిది. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. 5వ రోజు నుంచి 24 గంటల్లో కనీసం 6 సార్లు ఉచ్చ పోస్తుంటే సాధారణంగా పాలు అందుతున్నట్టే. అంతకు తగ్గినా, బిడ్డ మగతగా పడుకుని తాగడానికి లేవకపోయినా, మీకు జ్వరంతో పాటు రొమ్ము ఎర్రగా గట్టిపడినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

నాన్నలూ, తేన్పు తెప్పించడం, డైపర్ మార్చడం, రాత్రి పూట ఆవిడకి మంచినీళ్ళు అందించడం మీ పని. "పాలు చాలుతున్నాయా?" అని పదే పదే అడక్కండి.